మాస్టారి కుర్చీ ఖాళీగా ఎందుకుంది? అందులో నువ్వు కూర్చోడం ఎలాగ?

మొన్న మా ఊరి గుంట ఒకర్తి ఫోన్ పట్టుకుని వచ్చింది. "సిన్నాన్నా, ఇదేటో ఓపాలి సూడు. కంప్యూటర్ సైన్సుకి గెస్ట్ ఫ్యాకల్టీ కావాలంట. నాను పెట్టొచ్చా?" అంది.

పిల్ల బీటెక్ చేసింది, ఎంటెక్ చేసింది. రెండేళ్ళు ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పింది. కాలేజీ పేరు వద్దులెండి. చేరిన రోజే ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేసుకున్నారు. జీతం మూడు నెలలకోసారి. మానేస్తానంటే, సర్టిఫికెట్లు కావాలంటే నెల జీతం కట్టమన్నారు. వాళ్ళ నాన్న అప్పు చేసి కట్టి తెచ్చుకున్నాడు. ఇప్పుడా పిల్ల ఇంటికాడ ఉంటూ నోటిఫికేషన్లు వెతుక్కుంటోంది.

నేను డిగ్రీ మధ్యలో వదిలేసినోణ్ణి. గాజువాకలో నెట్ సెంటర్ నడిపాను చాన్నాళ్ళు. జనాలకి అప్లికేషన్లు నింపి పెడుతూ పెడుతూ నోటిఫికేషన్ చదవడం నేర్చుకున్నాను, అంతే నా చదువు. అందుకని ఆ పిల్లకి చెప్పిందే మీకూ చెప్తాను. ఒక యూనివర్సిటీలో కంప్యూటర్ శాఖలో మాస్టారి పోస్టు ఎలా పుడుతుంది, ఎలా చస్తుంది, మనలాంటి ఇళ్ళ నుంచి వచ్చినోళ్ళు అక్కడిదాకా ఎలా వెళ్ళాలి అన్నది.

మనకి దగ్గర్లో ఉన్నది ఆంధ్రా యూనివర్సిటీ. 1926లో పుట్టింది. మొదట బెజవాడలో ఉండేది, 1930లో వాల్తేరొచ్చింది. తొలి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి. 2023లో న్యాక్ వాళ్ళు 3.74 మార్కులతో ఏ డబుల్ ప్లస్ ఇచ్చారు. ఇంజినీరింగ్ కాలేజీలో కంప్యూటర్ శాఖ పూర్తి పేరు కంప్యూటర్ సైన్స్ అండ్ సిస్టమ్స్ ఇంజినీరింగ్. మొన్నమొన్నటిదాకా వీసీగా చేసి 2024 జూన్‌లో రాజీనామా ఇచ్చిన పి.వి.జి.డి. ప్రసాదరెడ్డి గారు ఈ శాఖ ప్రొఫెసరే. 2025 ఫిబ్రవరిలో ఐఐటీ ఖరగ్‌పూర్ నుంచి లెక్కల ప్రొఫెసర్ జి.పి. రాజశేఖర్ గారు వీసీగా వచ్చారు. పెద్ద కుర్చీల కబుర్లు పేపర్లో వస్తాయి. చిన్న కుర్చీల సంగతే ఎవరూ రాయరు. అది మనం చూద్దాం.

ముందు ఒక లెక్క. ఏఐసీటీఈ రూలు ప్రకారం బీటెక్‌లో ఇరవై మంది పిల్లలకి ఒక మాస్టారు ఉండాలి. 2018కి ముందు పదిహేను మందికి ఒకరు ఉండేవారు, దాన్ని సడలించారు. ఒక సెక్షన్ అంటే 60 సీట్లు. నాలుగేళ్ళకి 240 మంది. అంటే ఒక్క సెక్షన్‌కి 12 మంది మాస్టార్లు. అందులో ప్రొఫెసర్ ఒకరైతే అసోసియేట్ ఇద్దరు, అసిస్టెంట్ ఆరుగురు ఉండాలని ఇంకో రూలు. సెక్షన్లు రెండైతే 24 మంది. ఈ లెక్క మీరు చదువుతున్న కాలేజీకి కూడా వేసి చూడండి, సరదాగా ఉంటుంది. 2024–25 నుంచి బాగా నడిచే కాలేజీలకి సీట్ల మీద ఉన్న గరిష్ఠ పరిమితి ఎత్తేశారు. కంప్యూటర్ సీట్లు ఎక్కడ చూసినా పెరుగుతున్నాయి. మరి మాస్టార్లు?

రాష్ట్ర యూనివర్సిటీలో రెగ్యులర్ పోస్టు అంటే ప్రభుత్వం మంజూరు చేసింది. జీతం ప్రభుత్వం ఇచ్చే గ్రాంటు లోంచి వస్తుంది. ఒక మాస్టారు రిటైరైతే ఆ పోస్టు ఎక్కడికీ పోదు, కాగితం మీద ఉంటుంది. కానీ నింపాలంటే ప్రభుత్వం అనుమతివ్వాలి, నోటిఫికేషన్ పడాలి, ఇంటర్వ్యూ జరగాలి. ఏళ్ళ తరబడి అవేమీ జరక్కపోతే క్లాసు ఆగదు కదా. అప్పుడొస్తారు గెస్టులు, కాంట్రాక్టు వాళ్ళు, అడ్‌హాక్ వాళ్ళు. అదే పాఠం, అదే బోర్డు, అదే సుద్దముక్క. జీతమే వేరు. రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి మొదటి నెల మూలవేతనం 57,700. దాని మీద డీఏ, ఇంటద్దె. గెస్టుకి యూజీసీ 2019లో చెప్పింది క్లాసుకి 1,500, నెలకి 50,000 దాటకూడదు. అదైనా చాలాచోట్ల కాగితం మీదే ఉండిపోయింది. సెలవులొస్తే గెస్టుకి పైసా రాదు.

స్టీలుప్లాంటు గేటు దగ్గర నిలబడ్డవాళ్ళకి ఇది కొత్త కాదు. ఒకే ఫర్నేసు దగ్గర ఒకడు పర్మినెంటు, ఒకడు కాంట్రాక్టు. పని ఒకటే, పాసు రంగు వేరు. 2021 జనవరిలో ప్రైవేటీకరణ నిర్ణయం వచ్చిన దగ్గర్నుంచి ముందు భయపడింది కాంట్రాక్టోడే. క్యాంపస్‌లో అదే వ్యవహారం ఇస్త్రీ చొక్కా వేసుకుంది.

2023లో ప్రభుత్వం రాష్ట్ర యూనివర్సిటీలన్నిటికీ కలిపి 3,220 పోస్టులన్నది. అసిస్టెంట్ 2,001, అసోసియేట్ 801, ప్రొఫెసర్ 418. మా గాజువాకలో ఎంతమంది పిల్లలు ఫీజు కట్టారో నాకు తెలుసు. అది కోర్టు మెట్లెక్కింది. అంతకుముందు 2017–18లో పడిన నోటిఫికేషన్లదీ అదే దారి. పేచీ ఎక్కువగా రోస్టర్ దగ్గర. ఈ రోస్టర్ అన్నదేంటో మన పిల్లలు తప్పక తెలుసుకోవాలి. అందుకని దీన్ని కాస్త నిదానంగా చెప్తాను.

రోస్టర్ అంటే వరస. మొదటి పోస్టు ఎవరికి, రెండోది ఎవరికి, నాలుగోది ఎవరికి అని ముందే రాసిపెట్టుకునే పట్టిక. కేంద్ర యూనివర్సిటీల్లో గొడవ చేసిన 13 పాయింట్ల రోస్టర్ తీసుకోండి. మొదటి మూడు పోస్టులు జనరల్. నాలుగోది ఓబీసీ. ఏడోది ఎస్సీ. పద్నాలుగోది వస్తే గానీ ఎస్టీకి వంతు రాదు. ఇప్పుడు ఆలోచించండి. ఒక శాఖలో ఆరే పోస్టులున్నాయి. శాఖని శాఖగా విడిగా లెక్కపెడితే ఓబీసీకి ఒకటి వస్తుంది. ఎస్సీకి సున్నా, ఎస్టీకి సున్నా. అరకు నుంచో సీతంపేట నుంచో వచ్చిన పిల్ల పీహెచ్‌డీ చేసినా ఆ శాఖలో ఆవిడ వంతు ఆవిడ జీవితకాలంలో రాదు. అదే యూనివర్సిటీ మొత్తాన్ని ఒక లెక్కగా తీసుకుంటే వందల పోస్టులు ఒకే వరసలో నిలబడతాయి, ప్రతివాడి వంతూ వస్తుంది. ఒక్క మాట తేడా: శాఖా, యూనివర్సిటీయా. అంతే.

2017లో అలహాబాద్ హైకోర్టు శాఖే లెక్క అంది. 2018 మార్చిలో యూజీసీ అదే ఉత్తర్వు ఇచ్చింది. 2019 మార్చి 5న దేశమంతా బంద్ జరిగింది. రెండ్రోజుల్లో ఆర్డినెన్సు వచ్చింది, తర్వాత అదే ఏడు చట్టమైంది: సంస్థ మొత్తం ఒక లెక్క అని. జనం రోడ్డెక్కితే ఎంత తొందరగా సంతకాలు పడతాయో చూశారా. కానీ ఆ చట్టం కేంద్ర సంస్థలకి. మన రాష్ట్ర యూనివర్సిటీల్లో రోస్టర్ ఎలా రాశారన్నది ఎప్పటికప్పుడు అడిగి తెలుసుకోవలసిందే.

ఇక అర్హత. ఇక్కడ మనోళ్ళు పడే గందరగోళం అంతా ఇంతా కాదు. "నెట్ పాసైపోయాను, ఇక ఇంజినీరింగ్ కాలేజీలో పోస్టు నాదే" అనుకుంటారు. కాదు. కంప్యూటర్‌కి రెండు దారులున్నాయి.

ఒకటి ఇంజినీరింగ్ దారి. బీటెక్, ఎంటెక్ రెండూ ఆ సబ్జెక్టులో ఉండాలి, రెంటిలో ఒకదాన్లోనైనా ఫస్ట్ క్లాసు ఉండాలి. ఇది ఏఐసీటీఈ రూలు. దీనికి నెట్ అక్కర్లేదు. మా ఊరి పిల్ల ఈ దారిలో ఉంది. ఆ సంగతి తనకే తెలీదు! నెట్ లేదు కాబట్టి తనకి అర్హత లేదనుకుని రెండేళ్ళు ఏడ్చింది.

రెండోది డిగ్రీ కాలేజీల దారి. ఎమ్మెస్సీ కంప్యూటర్ సైన్సో ఎంసీఏనో 55 శాతంతో పాసవ్వాలి, పైన నెట్ గానీ సెట్ గానీ ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, బీసీ, వికలాంగులకి 5 శాతం సడలింపు. యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి పీహెచ్‌డీ తప్పనిసరి చేస్తామని కొన్నాళ్ళు భయపెట్టారు. 2023 జూన్ 30న యూజీసీ దాన్ని వెనక్కి తీసుకుంది. ఇప్పుడు నెట్, సెట్ చాలు. పీహెచ్‌డీ ఉంటే మంచిదే.

సెట్ అంటే ఏపీసెట్. దాన్ని నిర్వహించేది మన ఆంధ్రా యూనివర్సిటీయే. 2024లో అది ఏప్రిల్ 28న జరిగింది. వయసు పట్టింపు లేదు. పాసైతే ఆంధ్రప్రదేశ్‌లో చెల్లుతుంది, ఒరిస్సా వెళ్తే చెల్లదు. నెట్ దేశమంతా చెల్లుతుంది. ఏడాదికి రెండుసార్లు, జూన్‌ది, డిసెంబరుది. మొదటి పేపర్లో 50 ప్రశ్నలు, రెండో దాన్లో 100, మొత్తం 300 మార్కులు, తప్పు రాస్తే మార్కు కొయ్యరు. అందులో జేఆర్‌ఎఫ్ కొడితే పీహెచ్‌డీ చేస్తూ మొదటి రెండేళ్ళు నెలకి 37,000, తర్వాత 42,000. పొలం తాకట్టు పెట్టకుండా చదువుకునే దారి ఇది. జేఆర్‌ఎఫ్‌కి వయసు 30 దాటకూడదు. ఆడపిల్లలకి, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ పిల్లలకి ఇంకో అయిదేళ్ళుంది.

ఎంటెక్ చెయ్యాలంటే గేట్ రాయండి. ఫిబ్రవరిలో పరీక్ష. అప్లికేషన్లు అంతకుముందు ఆగస్టు, సెప్టెంబరుల్లో మొదలైపోతాయి, మనోళ్ళు సంక్రాంతికి గుర్తు తెచ్చుకుంటారు. బీటెక్ మూడో ఏడు నుంచే రాయొచ్చు, స్కోరు మూడేళ్ళు ఉంటుంది. ఆ స్కోరుతో ఏఐసీటీఈ కాలేజీలో ఎంటెక్ చేరితే నెలకి 12,400 స్కాలర్‌షిప్. గేట్ లేకపోతే పీజీఈసెట్ ఉంది, సీటొస్తుంది, ఆ డబ్బు రాదు. పాలిటెక్నిక్ చేసినోళ్ళు ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏట్లో దూరొచ్చు. డిగ్రీ వాళ్ళకి ఐసెట్, ఎంసీఏ. కోచింగ్‌కి డబ్బుల్లేకపోతే ఎన్‌పీటెల్‌లో ఐఐటీ మాస్టార్ల పాఠాలు ఊరికే చూడొచ్చు. పరీక్ష రాసి సర్టిఫికెట్ కావాలంటేనే ఫీజు. ఇంగ్లీషు పాఠం మొదట బుర్రకెక్కదు. వేగం తగ్గించి వినండి, నేనలాగే నేర్చుకున్నాను.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, ఈ ఊరికి కంప్యూటర్ కంపెనీలు వరసకట్టి వస్తున్నాయి. 2025 ఏప్రిల్‌లో టీసీఎస్‌కి రుషికొండ దగ్గర 21.16 ఎకరాలు పేరుకి 99 పైసలకి ఇచ్చారు. అక్టోబరులో గూగుల్ 1,500 కోట్ల డాలర్లతో డేటా సెంటర్ అని ప్రకటించింది. రావద్దని నేననను. కానీ ఆ కంపెనీల్లో పనిచెయ్యాల్సిన పిల్లలకి పాఠం చెప్పే మనిషి క్లాసు లెక్కన కూలికొస్తే, మన పిల్లలకి అక్కడ ఏ పని దొరుకుతుంది? 99 పైసలకి భూమి ఇచ్చిన చేత్తో మాస్టార్ల పోస్టుల ఫైలు మీద సంతకం పెట్టడానికి ఇంత కష్టమా?

బాగా చదివిన పిల్లడు ఎంటెక్ అవ్వగానే హైదరాబాదు, బెంగుళూరు పోతాడు. అతన్ని తప్పుపట్టలేం. క్లాసుకింత అని ఇచ్చే కొలువు కోసం ఎవడుంటాడు? అక్కడ ఆగిపోయేది పల్లె నుంచి వచ్చిన ఆడపిల్లలే, పెళ్ళైపోయి ఈ ఊళ్ళోనే ఉండాల్సినవాళ్ళు. గెస్టు ఫ్యాకల్టీ జాబితాలు చూస్తే నాకదే అనిపిస్తుంది.

"అయితే గెస్టుకి పెట్టొద్దంటావా?" అంది మా పిల్ల. పెట్టమన్నాను. బోర్డు ముందు నిలబడ్డ అనుభవం పోదు. కానీ మూడు పనులు చెయ్యమన్నాను. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ ఇవ్వొద్దు, జిరాక్సు ఇచ్చి ఒరిజినల్ చూపించి వెనక్కి తెచ్చుకో. చేరినట్టు ఉత్తర్వు రాతపూర్వకంగా తీసుకో, చెప్పిన ప్రతి క్లాసూ నీ డైరీలో తారీఖుతో రాసుకో. గెస్టు పనిలో పడి గేట్ అప్లికేషన్ తారీఖు మర్చిపోవద్దు.

ఇంకోటి, అది తనొక్కర్తే చేసే పని కాదు. సమాచార హక్కు దరఖాస్తు. పది రూపాయలు ఖర్చు, ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. యూనివర్సిటీ సమాచార అధికారికి నాలుగు ప్రశ్నలు రాయించాను. కంప్యూటర్ శాఖకి మంజూరైన పోస్టులెన్ని? ఇవాళ్టికి రెగ్యులర్ వాళ్ళు ఎందరు? గెస్టు, కాంట్రాక్టు వాళ్ళెందరు, క్లాసుకెంత ఇస్తున్నారు? రోస్టర్ రిజిస్టర్ నకలు ఇవ్వండి. "ఉద్యోగాలు ఎందుకు నింపలేదు" అని అడగొద్దన్నాను. ఎందుకు అంటే జవాబు చెప్పక్కర్లేదని తిప్పి పంపేస్తారు. ఎన్ని అని అడిగితే చెప్పి తీరాలి.

దస్తూరీ నాకన్నా తనదే బాగుంది, తనే రాసింది. కింద సంతకం పెట్టేటప్పుడు కాస్త ఆగి, "నా పేరు రాస్తే రేపు ఇంటర్వ్యూలో గుర్తుపట్టరు కదేటి?" అంది. నా పేరు మీద పెడదామన్నాను. కాసేపు ఆలోచించి తన పేరే రాసింది. మర్నాడు గాజువాక పోస్టాఫీసులో రిజిస్టరు చేశాం. జవాబొస్తే ఇక్కడే రాస్తాను.