ఫాంటసీ క్రికెట్: సెంచరీ హీరో.. తర్వాతి మ్యాచ్‌లో తొలి బంతికే ఔట్! మరి ప్లేయర్‌ని అంచనా వేసేదెలా?

2025 మార్చి 23, ఉప్పల్ స్టేడియం. సన్‌రైజర్స్ జెర్సీలో ఆడిన తొలి మ్యాచ్‌లోనే ఇషాన్ కిషన్ దుమ్ము లేపాడు. రాజస్థాన్ రాయల్స్‌పై 47 బంతుల్లో 106 నాటౌట్. ఇక నాలుగు రోజుల తర్వాత అదే గ్రౌండ్‌లో లక్నోతో మ్యాచ్. ఫాంటసీ టీమ్ పెట్టేవాళ్లలో చాలామంది చేసే మొదటి పని ఏంటో మనకి తెలిసిందే. మొన్న కొట్టినోడిని ఇవాళ కెప్టెన్ చేసేయడం. కట్ చేస్తే.. ఇషాన్ తొలి బంతికే ఔట్.

పోనీ ఒక్క మ్యాచ్ అనుకుందాం. ఆ తర్వాత వరుసగా అతని స్కోర్లు ఇవీ: 2, 2, 17, 9 నాటౌట్, 2, 1. అంటే సెంచరీ కొట్టాక ఏడు ఇన్నింగ్స్‌లు కలిపితే 33 పరుగులు.

అదే టీమ్‌లో అదే టైంలో అభిషేక్ శర్మ కథ రివర్స్. సీజన్ మొదలైన తర్వాత అతని స్కోర్లు 24, 6, 1, 2, 18. ఐదు మ్యాచ్‌లకు 51 పరుగులు. విసిగిపోయి టీమ్‌లోంచి తీసేసినవాళ్లకు ఏప్రిల్ 12న గట్టి షాక్ తగిలింది. పంజాబ్‌పై 246 పరుగుల ఛేజింగ్‌లో 55 బంతుల్లో 141! ఐపీఎల్‌లో అప్పటివరకు ఏ ఇండియన్ బ్యాటర్ కూడా అంత పెద్ద స్కోరు కొట్టలేదు.

అంటే మొన్నటి స్కోర్ చూసి తీసుకున్నా తప్పే, మొన్నటి స్కోర్ చూసి తీసేసినా తప్పే. మరి ఏం చూడాలి?

పరుగులు కాదు.. ముందు బంతులు చూడండి

టీ20లో ఒక టీమ్‌కి దొరికేది 120 బంతులు. ఎంత గొప్ప బ్యాటర్ అయినా ఆ 120లో తన వాటాకు ఎన్ని వస్తాయన్నదే అసలు ప్రశ్న. ఓపెనర్‌కి మొదటి బంతి నుంచే ఛాన్స్. పైగా పవర్‌ప్లే ఆరు ఓవర్లలో సర్కిల్ బయట ఇద్దరే ఫీల్డర్లు ఉంటారు. ఆరో నంబర్ బ్యాటర్‌కి ఏముంటుంది? టాప్ ఆర్డర్ బాగా ఆడితే చివర్లో ఓ ఏడెనిమిది బంతులు. అతను అన్నీ బాదినా పాయింట్లు ఎన్ని వస్తాయి?

ఈ కోణంలో అభిషేక్ కేసు చూడండి. ఐదు మ్యాచ్‌లు ఫెయిలైనా అతని ప్లేస్ మారలేదు, ఆడే స్టైల్ మారలేదు, టీమ్ మేనేజ్‌మెంట్ నమ్మకం మారలేదు. మారింది స్కోర్ ఒక్కటే. ఫాంటసీలో భయపడాల్సింది స్కోర్ పడిపోయినప్పుడు కాదు, రోల్ మారినప్పుడు.

రోల్ మారితే ఏమవుతుందో మన హైదరాబాదీ తిలక్ వర్మను చూస్తే అర్థమవుతుంది. 2024 నవంబర్‌లో సౌతాఫ్రికా టూర్. తొలి రెండు టీ20ల్లో నాలుగో స్థానంలో దిగి 33, 20 కొట్టాడు. మూడో మ్యాచ్‌కి కెప్టెన్ సూర్యకుమార్ యాదవ్ తన మూడో స్థానాన్ని తిలక్‌కి ఇచ్చేశాడు. సెంచూరియన్‌లో 107 నాటౌట్. మళ్లీ మూడులోనే పంపితే జొహన్నెస్‌బర్గ్‌లో 47 బంతుల్లో 120 నాటౌట్. కుర్రాడి టాలెంట్ రెండు రోజుల్లో పెరగలేదు కదా! పెరిగింది క్రీజులో టైం.

క్లాసెన్‌ది కూడా ఇలాంటిదే. 2025 సీజన్‌లో ఎక్కువగా నాలుగు, ఐదు స్థానాల్లో ఆడాడు. చివరి మ్యాచ్‌లో కోల్‌కతాపై మూడో స్థానంలో పంపారు. 39 బంతుల్లో 105 నాటౌట్.

ఇప్పుడు మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి. ఇక్కడ కాస్త ఆగి మాట్లాడుకోవాలి, ఎందుకంటే మన తెలుగు ఫ్యాన్స్ ఎక్కువగా దెబ్బతిన్నది ఇక్కడే. 2024 ఐపీఎల్‌లో 303 పరుగులు, ఎమర్జింగ్ ప్లేయర్ అవార్డు. అదే డిసెంబర్‌లో మెల్‌బోర్న్ టెస్టులో సెంచరీ. దాంతో 2025లో మనోళ్లందరూ కళ్లు మూసుకుని టీమ్‌లో పెట్టేశారు. కానీ జనవరిలో ఇంగ్లండ్ సిరీస్ మధ్యలో గాయమైంది. ఐపీఎల్‌కి ఫిట్ అయి వచ్చినా బౌలింగ్ నామమాత్రంగానే చేశాడు. సీజన్ మొత్తంలో బ్యాటింగ్‌లో 182 పరుగులు దగ్గరే ఆగిపోయాడు. యాప్‌లో మాత్రం అతని పేరు పక్కన 'ఆల్‌రౌండర్' అనే ఉంటుంది. బౌలింగ్ వేయని ఆల్‌రౌండర్ అంటే ఫాంటసీ లెక్కలో మిడిలార్డర్ బ్యాటర్, అంతే. మన ఊరి కుర్రాడన్న అభిమానం ఉండటంలో తప్పేం లేదు. కానీ గత మూడు మ్యాచ్‌ల్లో అతనికి ఎన్ని ఓవర్లు ఇచ్చారన్నది స్కోర్‌కార్డులో అర నిమిషంలో దొరికే సమాచారం. అది చూశాక డిసైడ్ అవ్వండి.

సగటు 35 అంటారు.. నమ్మేస్తారా?

మళ్లీ ఇషాన్ దగ్గరికి వద్దాం. 2025 సీజన్ అయిపోయేసరికి అతని పరుగులు 354, సగటు 35.40. చూడ్డానికి సూపర్. కానీ ఆ సీజన్‌లో 13 ఇన్నింగ్స్‌ల స్కోర్లను చిన్నదాని నుంచి పెద్దదాకా వరుసలో పెట్టండి: 0, 1, 2, 2, 2, 9, 13, 17, 29, 35, 44, 94, 106. సరిగ్గా మధ్యలో ఉన్న నంబర్ ఏంటి? 13. అంటే సగం మ్యాచ్‌ల్లో 13 లేదా అంతకంటే తక్కువే. 13 ఇన్నింగ్స్‌లలో 8 సార్లు 20 కూడా దాటలేదు. రెండు పెద్ద ఇన్నింగ్స్‌లు, అదీ ఒకటి సీజన్ మొదట్లో, ఒకటి చివర్లో, మొత్తం సగటును పైకి లాగేశాయి. ఆ రెండూ తీసేస్తే మిగిలిన 11 ఇన్నింగ్స్‌లకు 154 పరుగులే.

అందుకే సగటు ఒక్కటే చూస్తే మోసపోతాం. చివరి పది స్కోర్లు వరుసగా రాసుకుని మధ్య నంబర్ చూస్తే ప్లేయర్ 'మామూలు రోజు' ఎలా ఉంటుందో తెలుస్తుంది. పెద్ద నంబర్ చూస్తే 'పండగ రోజు' ఎలా ఉంటుందో తెలుస్తుంది.

అయితే ఇషాన్ లాంటివాళ్లు పనికిరారని కాదు. ఇద్దరు ఫ్రెండ్స్ మధ్య పోటీ అయితే మామూలు రోజు బాగుండే ప్లేయర్ కావాలి. లక్షల మంది ఆడే పెద్ద పోటీలో అందరూ తీసుకునే టీమే మీరూ పెడితే పైకి రావడం కష్టం. అక్కడ జనం తక్కువగా తీసుకున్న పండగ రోజు ప్లేయరే గట్టెక్కించాలి. కెప్టెన్‌కి రెండింతలు, వైస్ కెప్టెన్‌కి ఒకటిన్నర రెట్లు పాయింట్లు వస్తాయి కాబట్టి టీమ్‌లో పెట్టడం వేరు, కెప్టెన్ చేయడం వేరు.

బుమ్రా కంటే హర్షల్‌కి ఎక్కువ పాయింట్లా?

నిజం క్రికెట్‌లో ఈ పోలికే అనవసరం. బుమ్రా బుమ్రానే. కానీ 2024 ఐపీఎల్ లెక్కలు చూడండి. బుమ్రా 13 మ్యాచ్‌ల్లో 20 వికెట్లు, ఎకానమీ 6.48. హర్షల్ పటేల్ 14 మ్యాచ్‌ల్లో 24 వికెట్లు, పర్పుల్ క్యాప్, ఎకానమీ మాత్రం 9.73. ఓవర్‌కి దాదాపు పది ఇచ్చుకున్నాడు!

టీ20 ఫాంటసీలో చాలాకాలంగా నడిచిన పద్ధతిలో పరుగుకి ఒక పాయింట్ అయితే వికెట్‌కి 25. ఆ లెక్కన వికెట్ల ద్వారానే హర్షల్‌కి 600, బుమ్రాకి 500. తక్కువ పరుగులు ఇచ్చినందుకు బుమ్రాకి బోనస్ వచ్చినా, వికెట్ విలువ ముందు అది చిన్నదే. హర్షల్‌కి అన్ని వికెట్లు ఎలా వచ్చాయంటే.. అతను వేసేది ఎక్కువగా చివరి ఓవర్లు. అప్పుడు బ్యాటర్లు ప్రతి బంతినీ బాదాలనే చూస్తారు. ఆ తొందరలో సిక్సులూ వెళ్తాయి, బౌండరీ దగ్గర క్యాచ్‌లూ లేస్తాయి. కాబట్టి బౌలర్‌ని ఎంచుకునేటప్పుడు 'ఎంత బాగా వేస్తాడు' కంటే 'ఎప్పుడు వేస్తాడు' అన్నది ముందు చూడండి. నాలుగు ఓవర్ల కోటా పూర్తి చేస్తాడా, అందులో డెత్ ఓవర్లు ఎన్ని? పాయింట్ల పద్ధతి యాప్‌ని బట్టి, సీజన్‌ని బట్టి మారుతుంటుంది కాబట్టి రూల్స్ పేజీ ఓసారి చదివితే మంచిది. చాలామంది అది చదవరు!

ఉప్పల్ అంటే పరుగుల పండగేనా?

ఇషాన్ సెంచరీ కొట్టిన రోజు, అంటే మార్చి 23న సన్‌రైజర్స్ స్కోరు 286. సరిగ్గా నెల తర్వాత ఏప్రిల్ 23న అదే ఉప్పల్‌లో, మళ్లీ మొదట బ్యాటింగే చేసి ముంబైపై కొట్టింది 143. కాలిక్యులేటర్ అక్కర్లేదు, కచ్చితంగా సగం. ఆ రోజు 35 పరుగులకే ఐదు వికెట్లు పోయాయి.

ఒకే గ్రౌండ్‌లో చాలా పిచ్‌లు ఉంటాయి. ఎర్రమట్టి, నల్లమట్టి తేడా ఉంటుంది, ఒకసారి వాడిన పిచ్ నెమ్మదిస్తుంది. పైగా ఎదుటి బౌలింగ్ లైనప్ మారుతుంది. 'ఈ గ్రౌండ్‌లో సగటు స్కోరు ఇంత' అని యాప్‌లో కనిపించే నంబర్ అవన్నీ కలిపేసిన నంబర్. దానికంటే టాస్ టైంలో పిచ్ రిపోర్ట్ రెండు నిమిషాలు వినడం మేలు. రాత్రి మంచు పడే చోట రెండో ఇన్నింగ్స్‌లో స్పిన్నర్‌కి బంతి పట్టు దొరకదన్నదీ గుర్తుంచుకోండి.

2023 నుంచి ఐపీఎల్‌లో ఇంపాక్ట్ ప్లేయర్ రూల్ వచ్చాక ఇంకో తలనొప్పి. టాస్ తర్వాత ఇచ్చే పదకొండు మందిలో పేరు లేకపోయినా, సబ్‌స్టిట్యూట్ల లిస్టులో ఉన్న ఐదుగురిలో ఒకరు వచ్చి ఆడొచ్చు. బ్యాటింగ్‌కి మాత్రమే దిగే ప్లేయర్‌కి ఫీల్డింగ్‌లో క్యాచ్ పాయింట్లు రావు.

ఇన్ని చూసినా.. గ్యారంటీ ఉందా?

లేదు. అభిషేక్ 141 కొట్టిన మ్యాచ్‌లోనే 28 పరుగుల దగ్గర క్యాచ్ ఇచ్చేశాడు. అది నోబాల్ అయింది! బౌలర్ కాలు గీతకి ఇవతల పడి ఉంటే ఆ రోజు అభిషేక్ ఖాతాలో ఇంకో చిన్న స్కోర్ చేరేది, 'ఫామ్ పోయింది' అని మనమే రాసేవాళ్లం. అతన్ని టీమ్‌లో ఉంచిన నిర్ణయం కరెక్టే. ఫలితం మాత్రం గీత మీద ఆధారపడింది. పద్నాలుగు మ్యాచ్‌ల సీజన్‌లో సరైన అంచనాకి విలువ కనిపిస్తుంది. ఒక్క రాత్రి మ్యాచ్‌లో అదృష్టం వాటా చాలా పెద్దది.

డబ్బుల గొడవంతా ఇక్కడే మొదలైంది. ఫాంటసీ అనేది నైపుణ్యంతో ఆడే ఆటేనని 2017లో పంజాబ్-హర్యానా హైకోర్టు చెప్పింది. మన దగ్గర మాత్రం తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో గేమింగ్ చట్టాలను సవరించి ఆన్‌లైన్‌లో డబ్బులతో ఆడే ఆటలపై నిషేధం పెట్టాయి. ఆ తర్వాత 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర చట్టం నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడానే తీసేసింది. డబ్బు కట్టి డబ్బు గెలుచుకునే ఆన్‌లైన్ గేమ్ ఏదైనా నిషేధమే. నడిపేవాళ్లకు మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రకటనలు ఇచ్చేవాళ్లకు రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా. ఆడేవాళ్లకు శిక్ష లేదు. డ్రీమ్11 డబ్బుల పోటీలు ఆపేసింది, టీమిండియా జెర్సీ మీద నుంచి దాని పేరూ పోయింది.

ఫ్రీగా ఆడుకునే ఫాంటసీకి ఇబ్బంది లేదు. ఇబ్బంది ఎక్కడంటే, 'లొకేషన్ మార్చుకుంటే చాలు', 'మా వీఐపీ గ్రూప్‌లో చేరితే గ్యారంటీ టీమ్' అంటూ టెలిగ్రామ్‌లో వచ్చే మెసేజ్‌లతో. నోబాల్ పడుతుందో లేదో బౌలర్‌కే తెలియదు, గ్రూప్ అడ్మిన్‌కి ఎలా తెలుస్తుంది? పది గ్రూపుల్లో పది వేర్వేరు టీమ్‌లు పోస్ట్ చేసి, క్లిక్ అయిన దాని స్క్రీన్‌షాట్ మాత్రమే చూపించడం చాలా తేలిక. అలాంటివాళ్లకి ఇప్పటికే డబ్బులు పంపి మోసపోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930 సైబర్ హెల్ప్‌లైన్‌కి కాల్ చేయండి. ఎంత తొందరగా చెబితే ఆ అకౌంట్‌లో డబ్బు ఆపే ఛాన్స్ అంత ఎక్కువ.