ప్రభుత్వం వేరు, ప్రజలు వేరు

అమెరికా ఇస్లాంకు శత్రువా? మా మదరసా విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్న ఇది. దీనికి ఒక్క మాటలో బదులిస్తే సత్యానికి అన్యాయం చేసినవారమవుతాము.

ముస్లింల ధర్మం పట్ల తమ దేశానికి ఎలాంటి వైరమూ లేదని 1797లో అమెరికా సెనేట్ ఆమోదించిన ట్రిపోలీ ఒప్పందంలో ఉంది. ఆ దేశ మూడవ అధ్యక్షుడు జెఫర్సన్ గ్రంథాలయంలో ఖురాన్ ఆంగ్లానువాదం ఉండేది. అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నికైన తొలి ముస్లిం కీత్ ఎల్లిసన్ 2007లో ఆ ప్రతిపైనే చేయి ఉంచి ప్రమాణం చేశారు.

అదే దేశం 2003లో సామూహిక వినాశక ఆయుధాల నెపంతో ఇరాక్‌పై దండెత్తింది. ఆయుధాలు దొరకలేదు, లక్షలాది కుటుంబాలు మాత్రం చెల్లాచెదురయ్యాయి. ఆ దౌర్జన్యాన్ని దౌర్జన్యమనడానికి మనం వెనుకాడరాదు. అయితే, ఆ యుద్ధం వద్దంటూ న్యూయార్క్ వీధుల్లో నిలిచినవారూ అమెరికన్లే. 2017లో ముస్లింలు అధికంగా గల ఏడు దేశాలవారి ప్రవేశాన్ని నిషేధించినప్పుడు, చిక్కుకున్న ప్రయాణికుల కోసం విమానాశ్రయాల్లోనే కూర్చుని అర్జీలు రాసిన న్యాయవాదుల్లో ఎందరో ముస్లిమేతరులు.

ఎవరిపైనైనా ద్వేషం ఉన్నా న్యాయం తప్పరాదన్నది దివ్య ఖురాన్ బోధ. ఎవరో కొందరు చేసిన నేరానికి మనందరినీ దోషులుగా చూస్తే మనం నొచ్చుకుంటాము. అలాంటప్పుడు పాలకుల పాపాన్ని ఒక జాతి అంతటికీ ఎలా అంటగట్టగలం? ఇంట్లో వార్తలు చూస్తూ పెద్దలు పలికే మాటలనే పిల్లలు నేర్చుకుంటారు.

న్యాయంగా పలికే సౌభాగ్యాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.