కదలని బొమ్మల కదలిక

తోలుబొమ్మలాటలో ఆటగాడు పుల్లను కదపగనే తెరపై హనుమంతుడు లంఘించును. ఆడించు చేయి లేకయే నీడబొమ్మలను నడిపించిన ప్రజ్ఞావతి జర్మనీ దేశమున నొకతె యుండెను. ఆమె పేరు లోటె రైనిగర్.

ఆమె నల్లని అట్టను కత్తెరతో కత్తిరించి, పలుచని సీసపురేకు జోడించి, అవయవములను తీగతో సంధించెడిది. క్రిందినుండి వెలుగు వచ్చు గాజుబల్లపై బొమ్మను పరుండబెట్టి, పైనున్న కెమేరాతో ఒక చిత్రము తీయును. పిదప బొమ్మచేతిని వెండ్రుకవాసి జరిపి మఱియొకటి. నేటి చలనచిత్రములలో సెకనుకు 24 చిత్రములు తెరపై మాఱును. శ్రమ యెంతయో మీరే లెక్కింపుడు! నిజమునకు తెరపై ఏ చిత్రమును కదలదు. కదలినట్లు తోచుట మన కన్నును మనస్సును కలిసి చేయు పని.

ఇట్లు 1923లో మొదలిడి 1926లో ముగించినది 'రాకుమారుడు అహమ్మదు సాహసములు'. కథ అరేబియా రాత్రులలోనిది. మూడేండ్ల పనికి ఫలము గంటకు కొంచెము మించిన ఆట.

నల్లని నీడకు కన్నీరు చూపుటెట్లు? తల వాలవలెను, భుజము క్రుంగవలెను; అంతియే. ఈ చిత్రమును చూచునపుడు కథవెంట పరుగెత్తక ఆ వ్రేళ్లను గమనింపుడు. సన్నని వ్రేలి వంపులో భయము, ఆశ కూడ తెలియును.

దీని మూలప్రతి 1945లో బెర్లిను నగరపు యుద్ధమున నశించినది. నేడు మనము చూచునది, నిలిచియున్న వేఱొక ప్రతినుండి ఉద్ధరించినది.