కేథీ బెర్బేరియన్

కేథీ బెర్బేరియన్ (జూలై 4, 1925 - మార్చి 6, 1983) అమెరికాకు చెందిన ప్రముఖ శాస్త్రీయ గాయని, స్వరకర్త. పాశ్చాత్య గానపు హద్దులను విస్తరింపజేసిన ప్రయోగశీలిగా ఈమె ప్రసిద్ధురాలు.

జీవితం

ఈమె మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఆటిల్‌బరోలో ఆర్మేనియన్ దంపతులకు జన్మించింది. సంగీతశిక్షణకై ఇటలీలోని మిలాన్ నగరానికి వెళ్ళి, అక్కడ పరిచయమైన స్వరకర్త లూచానో బెరియోను 1950లో వివాహమాడింది. వీరికి ఒక కుమార్తె.

సంగీత ప్రస్థానం

ఒపేరా సంప్రదాయంలో గాయని నుండి నిండైన, మధురమైన స్వరాన్నే ఆశించేవారు. బెర్బేరియన్ నవ్వు, దగ్గు, గుసగుసలను సైతం గానంలో భాగం చేసింది. జాన్ కేజ్ 1958లో ఈమె కొరకు "ఆరియా" రచించాడు. ఇందులో సాధారణ స్వరలిపికి బదులు రంగుల వంపుగీతలుంటాయి. ఏ రంగును ఏ శైలిలో పాడాలో గాయనియే నిర్ణయించుకోవాలి. ఆ విధంగా గాయని కూడా రచనలో భాగస్వామి అవుతుంది.

బెరియో "ఫోక్ సాంగ్స్" (1964), "సీక్వెంజా 3" కృతులను ఈమె కంఠాన్ని దృష్టిలో ఉంచుకొని కూర్చాడు. దంపతులు విడిపోయిన తరువాత కూడా వీరి సంగీత బంధం కొనసాగింది. 1972 నాటి "రెసిటల్ 1" అందుకు నిదర్శనం. 1966లో కామిక్ పుస్తకాలలోని ధ్వన్యనుకరణ పదాలతో ఈమె స్వయంగా "స్ట్రిప్సొడి"ని రచించింది. నవ్యసంగీతంతో పాటు 17వ శతాబ్దపు మాంటెవర్డీ కృతులను కూడా పాడేది.

ఈమె రోమ్ నగరంలో మరణించింది. ఈమె గొంతు కోసం పుట్టిన కృతులను నేడు ఇతర గాయనులు పాడుతున్నారు.