మాక్రో, టెలిఫోటో లెన్స్‌లు: ఫోన్ కొనేముందు ఇవి తెలుసుకోండి

ఫోన్ కొనేటప్పుడు చాలామంది బోల్తా పడే రెండు మాటల గురించి ఈ ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం. ఒకటి మాక్రో, ఇంకోటి టెలిఫోటో. బోల్తా పడినవాళ్లలో నేనూ ఉన్నాను.

మా అమ్మ మగ్గం వర్క్ చేస్తుంది. బ్లౌజ్ పూర్తవగానే ఫోటో తీసి కస్టమర్లకి వాట్సాప్‌లో పంపుతుంది. పూసలు, జర్దోసీ కుట్టు దగ్గరగా కనిపిస్తేనే కొత్త ఆర్డర్ వస్తుంది. నేనప్పుడు సాఫ్ట్‌వేర్ జాబ్‌లో కొత్త. వెనక నాలుగు కెమెరాలు, అందులో ఒకటి మాక్రో అని చూసి 14 వేలు పెట్టి ఫోన్ కొనిచ్చాను. వారం తర్వాత అమ్మ, "ఒరేయ్, నా పాత ఫోనే నయం రా, దీంట్లో పూసలన్నీ అలికేసినట్టు వస్తున్నాయి" అంది. బీటెక్ చదివాను గానీ, స్పెక్స్ చదవడం రాలేదు నాకు!

అసలు ఏం జరిగిందంటే, ప్రతి లెన్స్‌కీ ఒక కనీస దూరం ఉంటుంది. అంతకన్నా దగ్గరికి వెళ్తే ఫోకస్ అవ్వదు. ఆ దూరాన్ని తగ్గించడమే మాక్రో పని. బడ్జెట్ ఫోన్లలో ఇచ్చే 2 మెగాపిక్సెల్ మాక్రో చాలావరకు దాదాపు 4 సెంటీమీటర్ల దగ్గర ఫిక్స్ అయి ఉంటుంది. ఆటోఫోకస్ ఉండదు. చెయ్యి కాస్త కదిలితే బ్లర్. అంత దగ్గర పెడితే ఫోన్ నీడే బట్ట మీద పడుతుంది.

మరి మంచి మాక్రో ఎలా ఉంటుంది? చాలా ఫోన్లలో దానికి వేరే లెన్స్ ఉండదు. అల్ట్రావైడ్ కెమెరాకే ఆటోఫోకస్ ఇస్తారు. 2021లో వచ్చిన ఐఫోన్ 13 ప్రో ఇలాగే 2 సెంటీమీటర్ల దగ్గర కూడా ఫోకస్ చేస్తుంది. కాబట్టి స్పెక్స్‌లో "మాక్రో" అన్న మాట కాదు, అల్ట్రావైడ్ పక్కన ఆటోఫోకస్ ఉందా అని చూడండి.

ఇప్పుడు టెలిఫోటో. పెళ్లిలో చివరి వరసలో కూర్చుని జీలకర్ర బెల్లం ఫోటో తీయాలి. 10ఎక్స్ నొక్కుతాం. టెలిఫోటో లేని ఫోన్ ఏం చేస్తుంది? ఫోటో మధ్య ముక్కని కత్తిరించి పెద్దది చేస్తుంది. ఇదే డిజిటల్ జూమ్. లెక్క సింపుల్: 50 మెగాపిక్సెల్ సెన్సర్‌లో 2ఎక్స్ అంటే 12.5 మెగాపిక్సెల్ మిగులుతుంది, పర్వాలేదు. 10ఎక్స్ అంటే మిగిలేది అర మెగాపిక్సెల్. మిగతాదంతా సాఫ్ట్‌వేర్ ఊహించి నింపేదే. బాక్స్ మీద 100ఎక్స్ అని ఉంటే అది ఇలాంటిదే.

నిజమైన టెలిఫోటోలో లెన్సే దూరాన్ని దగ్గర చేస్తుంది. కానీ ఎక్కువ జూమ్‌కి లెన్స్ పొడవుగా ఉండాలి, ఫోనేమో పల్చగా ఉంటుంది. అందుకే పెరిస్కోప్ వచ్చింది. లోపల ఒక ప్రిజమ్ వెలుగుని 90 డిగ్రీలు తిప్పుతుంది, లెన్స్ అడ్డంగా పడుకుని ఉంటుంది. 2019లో హువావే పీ30 ప్రో ఇలాగే 5ఎక్స్ ఇచ్చింది. అలాగని నంబర్ పెద్దదైతే మంచిదనీ కాదు. శాంసంగ్ 2024లో ఎస్24 అల్ట్రాలో 10ఎక్స్ లెన్స్ తీసేసి, ఎక్కువ మెగాపిక్సెళ్లతో 5ఎక్స్ పెట్టింది.

షాప్‌లో రెండు టెస్టులు చేయండి. ఒకటి, ఐదొందల నోటు మీద సన్న అక్షరాలని మాక్రోలో ఫోటో తీసి, జూమ్ చేసి చదవండి. రెండు, వెలుతురున్న చోట దూరంగా ఉన్న బోర్డు వైపు పెట్టి, 3ఎక్స్ నొక్కి, టెలిఫోటో లెన్స్‌ని వేలితో మూయండి. స్క్రీన్ నల్లబడకపోతే, మీరు చూస్తున్నది మెయిన్ కెమెరా నుంచి కత్తిరించిన ముక్కే. వెలుతురు తక్కువైనా, వస్తువు మరీ దగ్గరున్నా మంచి ఫోన్లు కూడా ఇలా చేస్తాయి, అందుకే వెలుతురు, దూరం రెండూ చూసుకోండి.

మరి అమ్మ ఫోన్ సంగతి? మార్చలేదు. దాని మెయిన్ కెమెరా 48 మెగాపిక్సెల్. కిటికీ పక్కన బ్లౌజ్ పరిచి, జానెడు దూరం నుంచి మెయిన్ కెమెరాలో 2ఎక్స్ పెట్టి తీయమన్నాను. ఇప్పుడు పూసలు లెక్కపెట్టొచ్చు. మీ దగ్గరా ఇలాంటి ఫోనే ఉంటే, కొత్తది కొనేముందు ఇది ఒకసారి ట్రై చేయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం!