మూలపడిన అంబాసిడరు

హిందుస్థాన్ మోటార్స్ వారు ఉత్తరపారాలో అంబాసిడర్ల తయారీని 2014లో నిలిపివేశారు. ఏళ్ల తరబడి చెట్టు కింద మూలపడిన అట్టి బండి ఒకటి చవకగా వస్తున్నదనగానే, జీతపు రాళ్లతో బతికే మనబోంటి వారికి మనసు ఉవ్విళ్లూరడం సహజమే.

కొనగోరువారు మొదట ఇంజను చూస్తారు. నా దృష్టిలో అది సరికాదు. ఇంజను విప్పి బాగుచేయవచ్చును. ఈ కారుకు లారీకి వలె విడిగా చట్రం లేదు. రేకుల కట్టడమే బరువంతా మోస్తుంది. కనుక తలుపుల కింది అంచులను, కాళ్లకింది మ్యాట్లు ఎత్తి అడుగు రేకును, డిక్కీ మూలలను స్క్రూడ్రైవరు మొనతో నొక్కి చూడవలెను. మొన లోనికి దిగబడిన యెడల, పైన ఎంత రంగు మెరిసినా (రంగువేసి అమ్మడం పాత విద్యయే!) ఆ బేరం వదులుకోవడమే మేలు.

ఇంజనును తొందరపడి స్టార్టు చేయరాదు. ఆయిలు కొలపుల్ల తీసి చూచినపుడు పాలవలె తెల్లబారి ఉంటే నీరు కలిసిందన్నమాట. పెట్రోలు బండియైతే ప్లగ్గులు విప్పి, సిలిండర్లలో కాస్త నూనె పోసి, చేతితో తిప్పినపుడు కదిలితే ఆశ ఉన్నట్లే. పగుళ్లిచ్చిన టైర్లు, బిగుసుకున్న బ్రేకులు ఎటూ మార్చవలసినవే. ఆ ఖర్చును ధరలో తగ్గించి అడగాలి.

ఇక కాగితాలు. సొంత కారు రిజిస్ట్రేషను 15 ఏళ్లకు ముగుస్తుంది. ఆపై తనిఖీ జరిపించి 5 ఏళ్లకొకసారి పొడిగించుకోవాలి. ఛాసిస్ నంబరు ఆర్.సి.తో సరిపోకుంటే బయానా ఇవ్వకుండానే తిరిగి రావలెను.