గాజు నేలపై నిలిచిపోయిన కాలు

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల పాఠశాలల నుండి విహారయాత్రకై విశాఖపట్నం వెళ్లే పిల్లలకు కైలాసగిరి ఎక్కడం ఒక ఆనవాయితీ. ఆ కొండమీద 2025 డిసెంబరులో ఒక కొత్త ఆకర్షణ చేరింది. కొండ అంచునుండి సుమారు 50 మీటర్ల మేర శూన్యంలోకి చొచ్చుకొనిపోయిన గాజు వంతెన అది. వంతెన అనడమేగాని దానికి ఆవలి గట్టు లేదు. పోయిన దారినే తిరిగి రావాలి. పాదాల కింద పారదర్శకమైన గాజు, దాని కింద లోయ, ఎదుట బంగాళాఖాతం.

పిల్లల గుంపు అక్కడికి చేరినప్పుడు కొందరు పరుగున చివరిదాకా పోతారు. ఒకరిద్దరు మాత్రం మొదటి పలక దగ్గరనే కమ్మీ పట్టుకొని నిలిచిపోతారు. “అంతమంది నడుస్తూంటే నీకేమిట్రా భయం?” అని తోటివారు నవ్వుతారు. అంతమందిని మోస్తున్న గాజు తననూ మోస్తుందని ఆ నిలిచిపోయిన పిల్లవాడికీ తెలుసు. అయినా మోకాళ్లు మాట వినవు. అతనిని పిరికివాడని తేల్చడానికి ముందు, మనిషి అసలు ఎట్లా నిలబడగలుగుతున్నాడో తెలుసుకోవడం అవసరం.

మనిషి కదలకుండా నిలుచున్నానని అనుకొంటాడుగాని, నిజానికి అతని శరీరం ఎప్పుడూ కొద్దికొద్దిగా ఊగుతూనే ఉంటుంది. ఆ ఊగుడును కనిపెట్టి సరిదిద్దేవి మూడు: లోపలి చెవిలోని అర్ధవృత్తాకార నాళికలు మొదలైన భాగాలు, అరికాళ్లనుండి, కండరాలనుండి, కీళ్లనుండి వచ్చే స్పర్శజ్ఞానం, కన్ను. కన్ను చేసే పని ఎంతటిదో తరగతిలోనే పరీక్షించవచ్చును. ఒంటికాలిమీద నిలబడి లెక్కపెట్టండి. తరువాత కళ్లు మూసుకొని అదే పని చేయండి. మొదటిసారి నిశ్చింతగా నిలిచినవాడు రెండవసారి పది అంకెలు లెక్కించేలోగానే రెండవకాలు దించడం చూస్తారు.

శరీరం ఊగినదని కంటికి ఎట్లా తెలుస్తుంది? ఎదుటనున్న వస్తువు కొద్దిగా జరిగినట్లు కనిపించడంవల్ల. తల 2 సెంటీమీటర్లు పక్కకు ఒరిగిందనుకొందాం. మీటరు దూరంలో గోడమీద ఉన్న గీత ఒక డిగ్రీకి పైగా జరిగినట్లు అగుపిస్తుంది. కన్ను దానిని తేలికగా పట్టుకొంటుంది. అదే గీత 100 మీటర్ల దూరాన ఉంటే ఆ జరుగుడు నూరవ వంతుకు తగ్గిపోతుంది, కన్ను పోల్చుకోలేదు. గాజు వంతెనమీద జరిగేది ఇదే. చుట్టూ దగ్గరలో కంటికి ఆనే వస్తువు లేదు. చెవి ఒకటి చెబుతున్నది, అరికాలు అదే చెబుతున్నది, కన్ను మాత్రం ఊరక ఉన్నది. సాక్షులలో ఒకరు నోరు మెదపనప్పుడు మెదడుకు అనుమానం వస్తుంది. శరీరం మామూలుకంటె ఎక్కువగా ఊగుతుంది, కండరాలు బిగుసుకొంటాయి, తల తిరిగినట్లు ఉంటుంది.

ఉద్దానం తోటలలో కొబ్బరిచెట్టు ఎక్కే మనిషిని చూసి, అతనికి భయమే లేదని అంటూంటాము. అలవాటు, నేర్పు ఉన్నమాట నిజమే. కాని ఎంత ఎత్తుకు పోయినా చెట్టు మాను అతని కళ్లకు జానెడు, మూరెడు దూరంలోనే ఉంటుందన్నది గమనించదగిన విషయం. అతని కంటికి ఆనవాలు ఎన్నడూ దూరం కాలేదు. వంతెనమీద నిలిచిపోయిన పిల్లవాడు కమ్మీని పట్టుకోవడం కూడా సరియైన పనే. చేతికి ఒక ఆధారం, కంటికి దగ్గరలో ఒక గుర్తు, రెండూ ఒకేసారి దొరుకుతాయి.

ఇక గాజు సంగతి. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఎలీనర్ గిబ్సన్, రిచర్డ్ వాక్ అనే మనశ్శాస్త్రజ్ఞులు ఒక బల్లను తయారుచేశారు. బల్లపైన అంతటా దళసరి గాజు. ఒక సగంలో గాజుకు ఆనుకొనే గళ్లగుడ్డ, రెండవ సగంలో ఆ గుడ్డ చాలా కిందుగా నేలమీద. చూపుకు అక్కడొక గొయ్యి ఉన్నట్లే ఉంటుంది. 6 నుండి 14 నెలల వయసుగల 36 మంది పసివాళ్లను మధ్యలో ఉంచి, తల్లులచేత పిలిపించారు. కదిలినవారు 27 మంది. వారందరూ గట్టి నేలగా కనిపించిన వైపు పాకారు. గొయ్యి ఉన్నట్లు కనిపించిన వైపుకు పాకినవారు ముగ్గురే. కొందరు గాజును చేతితో తట్టి చూసి కూడా వెనుకకు తగ్గారు. చేయి గట్టిగా ఉన్నదని చెప్పినా వారు కంటినే నమ్మారన్నమాట. ఈ ఫలితాలు 1960లో ప్రచురితమయ్యాయి. కైలాసగిరిమీది పిల్లవాడు పడుతున్న తికమక అతనికి మాటలు రాకముందునుంచీ ఉన్నదే.

ఉపాధ్యాయులకు ఇంకా ఆసక్తి కలిగించేది 1985లో వెలువడిన మరొక పరిశోధన. ఈసారి గొయ్యిని అంత లోతుగా పెట్టలేదు. దాటాలో వద్దో ఏడాది బిడ్డకు సందేహం కలిగేటంత, 30 సెంటీమీటర్లు మాత్రమే. ఆవలివైపు నిలుచున్న తల్లి నవ్వుముఖంతో చూస్తే 19 మందిలో 14 మంది దాటారు. తల్లి భయపడినట్లు ముఖం పెడితే 17 మందిలో ఒక్కరూ దాటలేదు. తల్లులు నోట ఒక మాటైనా అనలేదు. విహారయాత్రలో తోడు వెళ్లినవారి ముఖాలను కూడా పిల్లలు ఇట్లాగే చదువుతూ ఉంటారు. చేయి పట్టి బలవంతాన లాగడంకంటె, పక్కన నిలబడి తీరికగా కబుర్లు చెప్పడం మంచిది. కదలలేనివాడిని దూరంగా గాని సూటిగా కిందికి గాని చూడనీయక, ముందు కమ్మీవైపు, పక్కవారివైపు చూడమనాలి. ఒక్కొక్క పలక చొప్పున ముందుకు పోవచ్చును. ఆనాడు వద్దంటే వద్దు.

మరి ఆ గాజు నిజంగా గట్టిదేనా? కిటికీ గాజు రాయి తగిలితే పగులుతుంది గదా! గాజును నొక్కితే చాలా బలంగా తట్టుకొంటుంది, సాగదీస్తే ఓర్వదు. మనిషి నిలబడినప్పుడు పలక రవంత వంగి, దాని అడుగుభాగం సాగుతుంది. అక్కడ కంటికి ఆనని గీత ఒకటి ఉన్నా అదే పగులుగా పాకుతుంది. అందువల్ల పలకను మెత్తబడేటంతవరకు కాచి, ఒక్కసారిగా గాలి విసిరి చల్లారుస్తారు. పైపొరలు ముందు గట్టిపడతాయి. లోపలి గాజు ఆలస్యంగా చల్లారుతూ ముడుచుకొని, పైపొరలను నొక్కి పెడుతుంది. బండిచక్రానికి ఇనుపకట్టు వేయడం చూసినవారికి ఇది బోధపడుతుంది. ఎర్రగా కాలిన కట్టు చల్లారి ముడుచుకొన్నప్పుడు లోపలి కర్రను బిగించి పట్టుతుంది. చక్రంలో బిగించేది పైకట్టు. గాజులో బిగించేది లోపలి భాగం, అంతే తేడా. ఇట్లా బిగిసిన పైపొరను సాగదీయాలంటే ముందుగా ఆ నొక్కుడును అంతటినీ జయించాలి. పైగా ఇట్టి పలకలు కొన్నింటిని నడుమ ప్లాస్టిక్ పొర ఉంచి అతికిస్తారు. ఒకటి పగిలినా ముక్కలు ఊడిపోవు, మిగిలినవి బరువు మోస్తాయి.

అమెరికాలోని షికాగో నగరంలో విల్లిస్ భవనపు 103వ అంతస్తున, వీధికి 412 మీటర్ల ఎత్తున, 2009లో గాజు అరలు తెరిచారు. 2014 మే నెలలో సందర్శకులు నిలబడి ఉండగానే ఒక అరలో కాలికింద పగుళ్లు పాకాయి. వారు ఎంత హడలిపోయి ఉంటారో ఊహించవచ్చును. పగిలినది గాజుమీద గీతలు పడకుండా పరచిన పైపూత మాత్రమే. మోసే గాజుకు ఏమీ కాలేదు.

వంతెన ఒకే గట్టు ఆధారంగా నిలవడం తులాదండ న్యాయమే. బల్ల అంచునుండి స్కేలును బయటికి నిలిపి, లోపలి కొనమీద పుస్తకాలు పెట్టి చూడండి. ఎంత బయటికి జరిపితే అన్ని ఎక్కువ పుస్తకాలు కావాలి. 2007లో అమెరికాలోని గ్రాండ్ కాన్యన్ లోయ అంచున కట్టిన గుర్రపునాడా ఆకారపు నడకదారి 21 మీటర్లు బయటికి వచ్చింది. కేరళలోని వాగమన్‌లో 2023లో తెరచినది దాదాపు 40 మీటర్లు. కైలాసగిరి వంతెన వీటిని మించింది.

ఇంతకూ వంతెన చివరిదాకా పోయినవాడికి సముద్రం ఎక్కువ దూరం కనిపిస్తుందా? కనిపించదు. ఎంత దూరం కనిపించేదీ ఎత్తునుబట్టి ఉంటుంది. కంటినుండి సముద్రతలానికి ఒక స్పర్శరేఖ గీసి, భూకేంద్రాన్ని కలిపి, పైథాగరస్ సిద్ధాంతం ఉపయోగిస్తే ఒక తేలిక సూత్రం వస్తుంది. ఎత్తును మీటర్లలో తీసుకొని, దాని వర్గమూలాన్ని 3.57తో హెచ్చిస్తే క్షితిజం ఎన్ని కిలోమీటర్ల దూరాన ఉన్నదో తెలుస్తుంది. బారువ తీరాన ఇసుకమీద నిలుచున్న పిల్లవాడి కన్ను ఒకటిన్నర మీటర్ల ఎత్తున ఉంటే అతనికి సముద్రం 4.4 కిలోమీటర్లే. సముద్రమట్టానికి 200 మీటర్ల ఎత్తునుండి చూస్తే 50 కిలోమీటర్లు. శ్రీకాకుళం జిల్లా సరిహద్దున 1500 మీటర్ల మహేంద్రగిరి శిఖరంనుండి అయితే, మంచు, ధూళి అడ్డురాకుంటే, 138 కిలోమీటర్లు. గాలిలో కాంతి కొద్దిగా వంగడంవల్ల ఈ దూరాలు నిజానికి మరికొంత పెరుగుతాయి. వంతెన 50 మీటర్లు ముందుకు పోయిందిగాని పైకి పోలేదు. కనుక కొండమీది బండపై అంతే ఎత్తున నిలిచినవాడికీ, గాజు చివర నిలిచినవాడికీ క్షితిజం ఒక్కటే.

విజయనగరం జిల్లా చింతపల్లి దగ్గర, సముద్రంలోని రాళ్లనుండి ఓడలను కాపాడటానికి 1847లో దీపస్తంభం వెలసింది కొండమీదనే. అక్కడ ఎత్తు కావలసినది ఎక్కి చూసేవాడికి కాదు, దూరాన ఓడపైనుండి చూసేవాడికి. లెక్క మాత్రం అదే. దీపం 100 మీటర్ల ఎత్తున, నావికుని కన్ను 9 మీటర్ల ఎత్తున ఉన్నాయనుకొని, అతనికి ఆ దీపం ఎంత దూరంనుండి మొదట కనిపిస్తుందో విద్యార్థులు కట్టవచ్చును. రెండు క్షితిజాలను విడివిడిగా కట్టి కూడాలి: 35.7, 10.7, మొత్తం 46 కిలోమీటర్లకు కొంచెం పైన.